వాడ వస్తువుల చరిత్ర - 9: మంగలికత్తి, తోలుపట్టీ



పోయిన భాగంలో డప్పు గురించి రాశాను. ఈసారి ఇంకో తోలు ముక్క గురించి రాస్తాను. అయితే దాని దగ్గరికి ఒక కత్తి మీదుగా పోవాలి.

మా చిన్నతాత కాజీపేటలో రైల్వే గ్యాంగ్‌మన్. సెలవుకు ఇంటికొస్తే ఆదివారం పొద్దున వేపచెట్టు కింద గోనెసంచి పరిచి, వాడంతటికీ తలలు కత్తిరించి గడ్డాలు గీసేవాడు. మా ఊరి నాయీ బ్రాహ్మణులు మా వాడకు వచ్చేవాళ్లు కారు. వాళ్ల ముందు మేం కూర్చునే హక్కూ లేదు. అందుకని మాదిగ అయిన చిన్నతాతే కత్తి పట్టాడు. చాలా వాడల్లో ఇలా చెయ్యి తిరిగినవాళ్లు ఉండేవాళ్లు. కులవృత్తుల మీద వచ్చిన పుస్తకాల్లో వాళ్లు కనపడరు. అది వాళ్ల కులవృత్తి కాదు కదా!

ఆయన కత్తి రెండు నెలల కింద ఇల్లు సర్దుతుంటే దొరికింది. కొమ్ము పిడి, ఎర్రగా తుప్పు. తుప్పు కింద ‘షెఫీల్డ్, ఇంగ్లండ్’ అనే ముద్ర. పాత కత్తి వయసు తెలుసుకోవడానికి ఆ ‘ఇంగ్లండ్’ అనే మాట పనికొస్తుంది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని 1890లో అమెరికా చట్టం చేసింది. అంతకుముందు ఊరి పేరు మాత్రమే కొట్టే షెఫీల్డ్ తయారీదారులు ఆ తర్వాత దేశం పేరు కూడా చేర్చడం మామూలైంది. కాబట్టి ఈ కత్తి దాదాపుగా ఆ తర్వాతిదే.

బాగు చేద్దామని కూర్చున్నాను. ఇదే మొదటిసారి. సానపట్టే అతను చక్రం మీద రెండు నిమిషాల్లో చేసిస్తానన్నాడు, వద్దన్నాను. చక్రం రాపిడికి అంచు వేడెక్కి నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కు మెత్తబడుతుంది, ఇక పదును నిలవదు. నూనె పోసి, సన్నటి గరుకు కాగితంతో నాలుగు సాయంత్రాలు రుద్దాను. తర్వాత రాయి. కత్తిని రాయి మీద బల్లపరుపుగా పెట్టాలి, వీపూ అంచూ రెండూ ఆనాలి. అంచుకు ఎంత వాలు ఉండాలో వీపు మందమే చూసుకుంటుంది. వెయ్యి నంబరు రాయితో మొదలుపెట్టి నాలుగు వేలు, ఎనిమిది వేలు. నేను చేత్తో నొక్కిన ప్రతిసారీ పని చెడింది.

రాయితో పని అయిపోదు. చివరి పదును తోలు మీద వస్తుంది. వీపు ముందు, అంచు వెనక ఉండేలా లాగాలి. తిప్పేటప్పుడు వీపు మీద తిప్పాలి. నేను అంచు మీద తిప్పాను. చిన్నతాత తోలుపట్టీ సగానికి తెగింది. ఆయన చేతి చెమట, నూనె ఇంకిన పట్టీ అది. కత్తి తుప్పు పట్టినా బాధపడలేదు కానీ, దీనికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కొత్త ముక్క కోసం బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పోయాను. “ఇది బర్రె తోలు బిడ్డా, చెక్కతోని ఊనింది. కారఖానా తోలు నీ కత్తికి పనికిరాదు” అన్నాడు. ఇంకా లంద నడుస్తోందా అని అడిగితే, “లంద ఏడుంది? మీరంతా చదువుకుంటిరి, మంచిగైంది” అని నవ్వాడు.

తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క కషాయంలో రోజుల తరబడి ఊరబెట్టేది ఆ లంద. తంగేడు పువ్వు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ తంగేడు చెక్క కలిసిన లంద వాసనే మమ్మల్ని ఊరికి దూరం పెట్టడానికి సాకు.

ఉక్కుకు మాత్రం చరిత్ర పుష్కలం. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసలో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లని వాయిసీ అనే ఇంగ్లీషువాడు రాసిపెట్టాడు. లండన్‌లో కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ మన ‘ఊట్జ్’ ఉక్కును మెచ్చుకుని వాడాడు. 1820 ప్రాంతంలో ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు చేశాడు. ఇవి మనకు గర్వమే. కానీ ఆ ఉక్కుకు చివరి పదును ఇచ్చే తోలును ఎవరు ఊనారో ఒక్క వాక్యం చూపించండి. మాదిగ ఊనిన తోలు మీద కత్తి నూరుకుని, ఆ కత్తిని మాదిగ చెంపకు తగలనివ్వని ఊరు మనది.

డబ్బు లేక కాదు. బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో తన చిన్ననాటి సతారా గురించి రాశారు. ఊళ్లో క్షురకులున్నారు, ఇచ్చుకునే స్తోమతా ఉంది. అయినా పిల్లల జుట్టు కత్తిరించింది అక్కే. ఆ పిల్లాడే 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో ‘షాపు’ అనే మాటకు అర్థం చెప్పాడు. సేవ కోరి వచ్చిన ఎవరికైనా సేవ చెయ్యడానికి సిద్ధపడి కూర్చున్న చోటు షాపే అన్నాడు. డాక్టరు గదీ, లాయరు గదీ అందులోకే వస్తాయన్నాడు. అదే ఈరోజు 15(2) అధికరణంలో ఉన్న షాపు. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం ఆరో సెక్షన్ అంటరానితనం పేరుతో సేవ నిరాకరించడాన్ని నేరం చేసింది. విద్యార్థి మిత్రులు ఆ సెక్షన్ చదివి పెట్టుకోండి, పల్లెల్లో ఇంకా పనిపడుతుంది.

ఇది చదివి నాయీ బ్రాహ్మణ మిత్రులు నొచ్చుకోవద్దు. మా గడ్డం గీస్తే దొర గడపలో వాళ్లకు గింజ పుట్టేది కాదు. వాళ్లూ దొర ఇంట్లో వెట్టి చేసినవాళ్లే. పొద్దున లేచి వాళ్ల ముఖం చూస్తే అపశకునం అన్న ఊరే అది. పైగా కత్తి కింద పెట్టిన చరిత్ర కూడా వాళ్లకుంది. 1890 ప్రాంతంలో బొంబాయిలో సత్యశోధక సమాజానికి చెందిన నారాయణ మేఘాజీ లోఖండే పిలుపు మీద, వితంతువుల తలలు గొరగబోమని క్షురకులు సమ్మె చేశారు. అదే కత్తి ఒకచోట ఆడవాళ్ల కోసం ఆగింది. మా వాడ ముందు మాత్రం ఊరి భయంతో ఆగింది. ఈ రెండు ఆగడాలనూ ఒకే గాట కట్టకండి.

ఇప్పుడు సెలూన్లలో ఈ కత్తి లేదు. ఎయిడ్స్ ప్రచారం వచ్చాక ఎవరికి వాళ్లకు కొత్త బ్లేడు తొడిగే పిడి వచ్చింది. అది మంచిదే.

కొత్త పట్టీ మీద యాభైసార్లు లాగాక, చేతి మీది వెంట్రుక తాకగానే తెగింది. నాన్నను వేపచెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టి సబ్బు రాశాను. నాన్న చిన్నప్పుడు పట్నం హాస్టల్లో చేరాకే మొదటిసారి షాపులో క్షవరం చేయించుకున్నాడు. ఎవరి పిల్లాడివని అడుగుతారేమోనని, కత్తిరింపు అయ్యేదాకా కళ్లు మూసుకునే ఉన్నాడట. నా చెయ్యి వణుకుతుంటే, “చిన్నాయిన చెంప గుంజి పట్టేటోడు. నువ్వు కూడా గట్లనే గుంజు” అన్నాడు.

ఈసారి కళ్లు తెరిచే ఉన్నాడు. గడ్డం కింద ఒకచోట తెగింది, పటిక రాశాను.