సున్నతి: నిబంధనకు గుర్తు

పురుషాంగం ముందు చర్మాన్ని కోసి తీసేసే ఆచారం సున్నతి. దేవుడు అబ్రాహాముతోనూ అతని సంతతితోనూ చేసిన నిబంధనకు ఇది గుర్తని బైబిలు చెబుతుంది. ఆచారం మాత్రం చాలా పాతది. ఈజిప్టులోని సఖ్ఖారాలో, ఆరో రాజవంశం నాటి అంఖ్‌మహోర్ సమాధి గోడ మీద ఈ దృశ్యం చెక్కి ఉంది. ఒకడు కింద కూర్చుని పని కానిస్తుంటే, మరొకడు వెనక నిలబడి కుర్రవాడి చేతులు గట్టిగా పట్టుకుని ఉంటాడు. నాలుగు వేల ఏళ్లు దాటిన శిల్పమిది. యిర్మీయా 9వ అధ్యాయం సున్నతి సంగతి ఎత్తినప్పుడు ఈజిప్టు, ఎదోము, అమ్మోను, మోయాబులను యూదాతో కలిపే చెబుతుంది. సున్నతి లేనివాళ్లని ఇశ్రాయేలీయులు మాటిమాటికీ ఎత్తిపొడిచింది ఫిలిష్తీయులనే.

అందరికీ తెలిసిన ఈ ఆచారానికి ఆదికాండం 17వ అధ్యాయం కొత్త వేళ పెట్టింది. ఎదిగిన కుర్రాడికి చేస్తే అది మగవాడయ్యాడనడానికి గుర్తు. ఎనిమిదో రోజు పసికందుకు చేస్తే ఆ బిడ్డ సాధించిందంటూ ఏమీ ఉండదు. ఆ ఇంట పుట్టడమే చాలు. పుట్టకపోయినా సరే, డబ్బిచ్చి కొన్న దాసులకూ అదే గుర్తు వేయమన్నాడు దేవుడు. 99 ఏళ్ల అబ్రాహాము, 13 ఏళ్ల ఇష్మాయేలు ఒకే రోజున సున్నతి పొందారు. ఆ గుర్తు లేనివాడిని జనంలోంచి వెలివేయాలని ఆజ్ఞ. ఆడవాళ్ల మాటేమిటి? అబ్రాహాము భార్య శారయి పేరు శారాగా మారింది, అంతే.

నిర్గమకాండం 4వ అధ్యాయంలోని మూడు వచనాలు పండితులకు నేటికీ కొరుకుడు పడలేదు. దారిలో బస చేసిన చోట యెహోవా చంపబోయింది మోషేనా, కొడుకునా అన్నది స్పష్టంగా లేదు. మోషే భార్య సిప్పోరా చెకుముకి రాయి అందుకుని, కొడుక్కి తానే సున్నతి చేసి ఆ చర్మాన్ని 'అతని' పాదాలకు తాకించింది. ఎవరి పాదాలో కూడా తేలదు. మోషే తర్వాతి నాయకుడు యెహోషువ గిల్గాలులో వాడించిందీ రాతికత్తులనే. లోహం వాడకంలోకి వచ్చాక కూడా రాతినే పట్టుకోవడం ఆచారం ఎంత ప్రాచీనమో చెబుతుంది.

ద్వితీయోపదేశకాండం, యిర్మీయా గ్రంథం హృదయానికి సున్నతి చేసుకోమన్నాయి. అంతమాత్రాన శరీరం మీది గుర్తు వెనక్కి పోలేదు. క్రీ.పూ. 167 ప్రాంతంలో సెల్యూసిడ్ రాజు నాలుగో ఆంటియోకస్ దాన్ని నిషేధించాక మరింత బిగుసుకుంది. కొడుకులకు సున్నతి చేయించిన తల్లులను చంపి, పసివాళ్లను వాళ్ల మెడలకు వేలాడదీశారని మక్కబీయుల మొదటి గ్రంథం రాసింది. గ్రీకు వ్యాయామశాలల్లో కలిసిపోవాలని ఆ గుర్తును మాపుకున్న యూదులూ ఉన్నారు. తర్వాత కొద్ది తరాలకే యూదు పాలకుడు జాన్ హిర్కానస్ పొరుగునున్న ఇదూమయులకు బలవంతంగా సున్నతి చేయించాడు. ఒకప్పుడు పీడితుల గుర్తు, పాలకుల చేతికొచ్చేసరికి షరతు అయింది.

క్రైస్తవ సంఘం తొలి పెద్ద తగవు దీని మీదే. క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో కూడిన పెద్దలు అన్యజనులకు సున్నతి అక్కర్లేదని తేల్చారు. అపొస్తలుడు పౌలు వాదం వరసను బట్టి నడుస్తుంది: అబ్రాహాము విశ్వాసం నీతిగా ఎంచబడింది ఆదికాండం 15వ అధ్యాయంలో, గుర్తు వచ్చింది 17లో. అయినా తల్లి యూదురాలైన తిమోతికి పౌలే సున్నతి చేయించాడు. గ్రీకువాడైన తీతుకు చేయించలేదు. కొలొస్సయుల పత్రిక సున్నతిని బాప్తిస్మంతో జోడించింది. 16వ శతాబ్దంలో సంస్కర్తలు జ్వింగ్లీ, కాల్విన్ శిశు బాప్తిస్మాన్ని సమర్థించడానికి దాన్నే ఆధారం చేసుకున్నారు.

యూదు రబ్బీలు ఎనిమిదో రోజు విశ్రాంతి దినమైనా సున్నతి ఆపరు. కానీ సున్నతి వల్ల ఇద్దరు అన్నలు చనిపోయి ఉంటే మూడోవాడికి వద్దని రబ్బీల బోధల సంకలనమైన తల్మూదు మినహాయింపు ఇచ్చింది. రక్తం గడ్డకట్టని వంశపారంపర్య జబ్బును గమనించిన తొలి దాఖలాల్లో దీన్నొకటిగా వైద్య చరిత్రకారులు చూస్తారు.

ఖురాన్‌లో సున్నతి ప్రస్తావన నేరుగా లేదు, ప్రవక్త మాటలను, చేతలను చెప్పే హదీసుల్లో ఉంది. ఇబ్రాహీం (అబ్రాహాము) 80వ ఏట సున్నతి చేసుకున్నాడని బుఖారీ సంకలనం చెబుతుంది. షాఫయీ సంప్రదాయం దీన్ని తప్పనిసరి అంటే, మాలికీలు సున్నత్‌గా, అంటే ప్రవక్త ఆచరణగా ఎంచారు. ఎనిమిదో రోజన్న కట్టుబాటు అక్కడ లేదు. అందుకే తెలుగు ముస్లిం ఇళ్లలో కాస్త ఎదిగిన పిల్లలకు కూడా సుంతీ వేడుక చేస్తారు.