కలువల కొలను

పారిసు నగరములోని ఆరంజెరీ ప్రదర్శనశాలలో కోడిగ్రుడ్డు ఆకృతి గల రెండు గదులున్నవి. వాటి గోడల పొడుగునా సుమారు 2 మీటర్ల ఎత్తున ఒక కొలను పరచుకొని ఉన్నది. తేలియాడే కలువలు, నీటిలో తలక్రిందులైన మబ్బులు, వ్రేలాడే కొమ్మల నీడలు మనలను చుట్టుముట్టుతవి. ఈ కొలను వెనుక గల కథను కొంచెము తలచుకొందము.

1874లో పారిసులో కొందరు చిత్రకారులు సొంతముగా ప్రదర్శన జరిపినారు. అందులో క్లాడ్ మోనే ఉంచిన సూర్యోదయ చిత్రపు పేరు పట్టుకొని ఒక విమర్శకుడు వారిని 'ఇంప్రెషనిస్టు'లని ఎగతాళి చేసినాడు. వస్తువుపై క్షణక్షణము మారే వెలుగును పట్టుకొనుటే వారి సాధన. ఎగతాళి మాటే తరువాత బిరుదమైనది.

1883లో మోనే నార్మండీలోని జివెర్నీ గ్రామము చేరినాడు. అద్దెకున్న ఇంటిని 1890లో కొన్నాడు. 1893లో రైలు మార్గమునకు ఆవలి నేల కొని, ఎప్ట్ నది పాయ నుండి నీరు మళ్లించి కొలను త్రవ్వింపదలచినాడు. గ్రామస్థులు అడ్డుపడినారు. ఆ పాయలో వారు బట్టలు ఉతుకుకొనేవారు, పశువులకు నీరు పట్టేవారు. పరదేశపు మొక్కల వలన నీరు విషమగునని వారి భయము. కాలువ నీటిపై బ్రతికే పల్లెలనెరిగిన మనకు ఈ తగవు వింత గాదు. మోనే జిల్లా అధికారికి అర్జీలు పెట్టి, ఆ జూలైలోనే అనుమతి పొందినాడు.

కొలనుపై జపాను తీరున వంతెన వెలసినది. 1899లో ఆ వంతెననే పదే పదే చిత్రించినాడు. 1909లో ప్రదర్శించిన 48 చిత్రములలో వంతెన మాయమై, నీరు, కలువలు, ప్రతిబింబములు మిగిలినవి.

పిమ్మట కష్టకాలము వచ్చినది. 1911లో భార్య ఆలిస్, 1914లో పెద్దకుమారుడు మరణించినారు. 1912లో కండ్లలో శుక్లములున్నవని వైద్యులు తేల్చినారు. చూపు మందగించగా, రంగు గొట్టములపై పేర్లు చదువుకొని రంగులు కలుపుకొనెడివాడు. ప్రపంచయుద్ధము దాపుననే సాగుచుండగా ఆ వృద్ధుడు మహాచిత్రములకు పూనుకొన్నాడు. 1918 నవంబరు 11న యుద్ధము ఆగినది. మరునాడే మిత్రుడైన ప్రధాని క్లెమెన్సోకు జాబు వ్రాసి, రెండు చిత్రములను దేశమునకు కానుకగా ఇత్తునన్నాడు. ఆ కానుకే క్రమముగా పెరిగి ఆరంజెరీ గోడలను నింపినది. 1923లో కుడికంటికి శస్త్రచికిత్స జరిగినది. అయినను ఆ చిత్రములను ఆయన బ్రతికి ఉండగా చేయి విడువలేదు. 1926 డిసెంబరు 5న కన్నుమూసినాడు. 1927 మే నెలలో ఆ గదులు ప్రజలకు తెరచినారు.

విషమగునని ఊరు భయపడిన నీరే, యుద్ధపు గాయములు మానని దేశమునకు సేదదీర్చు కొలనైనది. తోటనే స్వయముగా చూడగోరువారికి 1980 నుండి జివెర్నీ ద్వారములును తెరచియే ఉన్నవి.