పెద్దాపరేషన్ ఎప్పుడు తప్పదు, ఎప్పుడు అడగాలి: గర్భిణులు, ఇంటివాళ్లు తెలుసుకోవలసిన సంగతులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: తొమ్మిదో నెల రాగానే మన ఇళ్లలో అందరూ అడిగేది ఒకటే ప్రశ్న. నార్మలా, ఆపరేషనా? జవాబు మాత్రం చాలామందికి ఆఖరి గంటలో, సంతకం పెట్టమని కాగితం చేతికిచ్చినప్పుడే తెలుస్తుంది. అప్పటికి ఆలోచించే టైం ఉండదు, అడిగే ధైర్యం కూడా ఉండదు. అందుకే సిజేరియన్ గురించి ఏడో నెలలోనే తెలుసుకుని పెట్టుకోవడం మంచిది. గర్భిణి ఒక్కతే కాదు, భర్త, అమ్మీ, అత్తమ్మ కూడా చదవాల్సిన విషయాలివి.

లెక్కలు ఏం చెబుతున్నాయి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100 కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్లే (60.7 శాతం). దేశంలో ఇంత ఎక్కువ ఇంకే రాష్ట్రంలోనూ లేదు. దేశం మొత్తం సగటు 21.5 శాతం మాత్రమే. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 శాతం, ప్రైవేటులో 81.5 శాతం. అంటే ప్రైవేటులో చేరిన ప్రతి ఐదుగురిలో నలుగురికి ఆపరేషన్ అయినట్టు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మాట ఏమిటంటే, ఒక ప్రాంతంలో సిజేరియన్లు 10 శాతం దాకా పెరుగుతుంటే తల్లీబిడ్డల మరణాలు తగ్గుతాయి. అది దాటి పెరిగితే మరణాలు ఇంకా తగ్గుతున్నట్టు ఆధారం లేదు.

ఎందుకిన్ని ఆపరేషన్లు అంటే చాలామంది ముహూర్తాల పేరు చెబుతారు. ముహూర్తం చూసుకోవడం మన ఇళ్ల ఆచారం కాదు. అయినా మన ఇళ్లలో కూడా పెద్దాపరేషన్ మామూలు మాటే అయిపోయింది. కాబట్టి వేరే కారణాలూ చూడాలి. నొప్పుల భయంతో ఇంటివాళ్లే అడుగుతున్నారు. నార్మల్ కాన్పుకు రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే నర్సులు, డాక్టర్లు కావాలి. ఆపరేషన్ గంటలో అయిపోతుంది, బిల్లు మాత్రం దానికే ఎక్కువ. ఇక మొదటిసారి ఆపరేషన్ అయిందంటే రెండోసారీ అదే అని ముందే తేల్చేస్తున్నారు.

ఎప్పుడు తప్పదు

లెక్కలు చూసి ప్రతి ఆపరేషన్ డబ్బు కోసమే అనుకుంటే అది ఇంకా పెద్ద ప్రమాదం. కింద చెప్పిన సందర్భాల్లో సిజేరియన్ ప్రాణం కాపాడుతుంది. ఆలస్యం చేయకూడదు.

- మాయ కిందికి వచ్చి గర్భసంచి ముఖద్వారాన్ని మూసేసినప్పుడు.
- బిడ్డ అడ్డం తిరిగి ఉన్నప్పుడు.
- బిడ్డ కంటే ముందు బొడ్డుతాడు కిందికి జారినప్పుడు.
- బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిపోయి, మళ్లీ సర్దుకోనప్పుడు.
- మాయ ముందుగానే విడిపోయి రక్తం పోతూ, కాన్పు దగ్గర్లో లేనప్పుడు.
- నొప్పులు గట్టిగా వస్తున్నా గంటల తరబడి బిడ్డ కిందికి దిగనప్పుడు.
- గర్భసంచి మీద ఇదివరకు నిలువు కోత ఉన్నప్పుడు.

బీపీ బాగా పెరిగి తల్లికి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటే కాన్పు త్వరగా చేయాలి. అది నొప్పులు తెప్పించి చేయాలా, ఆపరేషనా అన్నది తల్లి పరిస్థితిని బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే ఎక్కువగా సిజేరియనే చేస్తారు. అయితే 36, 37 వారాల దగ్గర పొట్ట మీద నుంచి చేతులతో బిడ్డను తిప్పే పద్ధతి ఒకటుంది. దాని గురించి అడగొచ్చు. అది అనుభవం ఉన్న డాక్టర్ ఆస్పత్రిలోనే చేయాలి. ఇంటి దగ్గర మాలిష్ చేసే వాళ్లతో చేయించకూడదు.

ఇంకో ప్రశ్న అడగాల్సిన కారణాలు

మన వైపు ఎక్కువగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. ఇవి అబద్ధాలని కాదు. కానీ ఒక్క ఈ మాట మీదే కోత పెట్టాల్సిన పని ఉండకపోవచ్చు.

"పేగు మెడకు చుట్టుకుంది": పుట్టే ప్రతి నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి బొడ్డుతాడు మెడ చుట్టూ ఉంటుంది. వాళ్లలో చాలామంది మామూలుగానే పుడతారు. బిడ్డ గుండె చప్పుడు బాగుందా అన్నదే అసలు ప్రశ్న.

"ఉమ్మనీరు తగ్గింది": ఎంత తగ్గింది, ఎన్నో వారం, బిడ్డ ఎదుగుదల ఎలా ఉంది అని అడగండి. నెలలు నిండాక అయితే మందులతో నొప్పులు తెప్పించి చూసే వీలు చాలాసార్లు ఉంటుంది.

"దారి చిన్నగా ఉంది": తల్లి పొట్టిగా ఉందని ముందే ఈ మాట చెప్పేయలేరు. నొప్పులు వచ్చి బిడ్డ తల దిగే తీరు చూస్తే గానీ చాలావరకు తేలదు.

"డేట్ దాటిపోయింది": సరిగ్గా చెప్పిన తేదీన పుట్టే పిల్లలు 100 మందిలో నలుగురైదుగురే. 41 వారాలు నిండితే నొప్పులు తెప్పించడం గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.

"నొప్పులు ముందుకు సాగట్లేదు": ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పుల దశ మొదలైనట్టు లెక్క అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. మొదటి కాన్పులో ఆ తర్వాత కూడా 12 గంటల దాకా పట్టొచ్చు. రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర, తల్లీబిడ్డ బాగున్నప్పుడు, ఆగే వీలుందా అని అడగడం తప్పు కాదు.

"బిడ్డ కడుపులోనే దొడ్డికి పోయింది": ఇది జాగ్రత్తగా చూడాల్సిన విషయమే. బిడ్డ గుండె చప్పుడు వెంటవెంటనే చూస్తుండాలి. అది తగ్గితే మాత్రం వాదన పెట్టుకోకుండా ఒప్పుకోవాలి.

మొదటి కాన్పు ఎందుకు ముఖ్యం

మొదటి కోత తర్వాత వచ్చే గర్భాలను కూడా మారుస్తుంది. తర్వాతి కాన్పులో మాయ పాత కోత మీద అతుక్కునే ప్రమాదం ఉంటుంది. కోతల సంఖ్య పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. అమెరికాలో 30 వేలకు పైగా సిజేరియన్లను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మాయ కిందికి వచ్చిన తల్లులను విడిగా చూశారు. మాయ గర్భసంచిలోకి చొచ్చుకుపోవడం మొదటి సిజేరియన్‌లో 3 శాతం మందికి, రెండో దానిలో 11 శాతం మందికి, మూడో దానిలో 40 శాతం మందికి కనిపించింది. అలాంటప్పుడు రక్తం విపరీతంగా పోతుంది. కొన్నిసార్లు గర్భసంచి తీసేయాల్సి వస్తుంది. ఇంకా పిల్లలు కావాలనుకునే దంపతులు మొదటి కాన్పు అప్పుడే ఇది ఆలోచించాలి.

ఒకసారి సిజేరియన్ అయితే ప్రతిసారీ అదే అన్న మాట కూడా నిజం కాదు. గర్భసంచి కింది భాగంలో అడ్డకోత ఒక్కటే ఉండి, మిగతా పరిస్థితులు బాగుంటే, నార్మల్‌కు ప్రయత్నించిన వాళ్లలో 100కి 70 మందికి పైగా అవుతుంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. అందుకే ఈ ప్రయత్నం ఆపరేషన్ థియేటర్, రక్తం, మత్తు డాక్టర్ అన్నీ సిద్ధంగా ఉన్న ఆస్పత్రిలోనే చేయాలి.

ఇక్కడ ఒక కాగితం విలువ తెలుసుకోవాలి. పొట్ట మీద గీత అడ్డంగా ఉందని లోపల గర్భసంచి మీద కూడా అడ్డంగానే ఉందని చెప్పలేం. అది డిశ్చార్జ్ కాగితంలో ఉంటుంది. రేషన్ కార్డు దాచినట్టు దాన్ని దాచిపెట్టండి.

ఆపరేషన్ రోజు ఏం జరుగుతుంది

ముందుగా అనుకుని చేసే సిజేరియన్ అయితే, వేరే కారణం లేనప్పుడు, 39 వారాలు నిండాకే చేయించుకోవాలి. అంతకు ముందే తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ. ఐసీయూలో పెట్టాల్సి రావచ్చు.

ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు తిండి ఆపేస్తారు. వెన్నులో ఇంజెక్షన్ ఇస్తారు. నడుము కింద స్పర్శ పోతుంది, తల్లి మెలకువగానే ఉంటుంది. ఈ ఇంజెక్షన్ వల్లే జీవితాంతం నడుము నొప్పి వస్తుందని మన ఆడవాళ్లు గట్టిగా నమ్ముతారు. పరిశోధనల్లో అలా తేలలేదు. ఆపరేషన్ ముప్పావు గంట, గంట పడుతుంది. మూత్రానికి పైపు పెడతారు, తర్వాత తీసేస్తారు.

తల్లి మెలకువగా ఉంటే మొదటి గంటలోనే బిడ్డకు పాలు పట్టొచ్చు. ఆపరేషన్ అయిన వాళ్లకు మూడు రోజులు పాలు రావన్న మాట పట్టుకుని డబ్బా పాలు మొదలుపెట్టకండి. మొదట వచ్చే ముర్రుపాలు కొద్దిగానే ఉంటాయి, బిడ్డకు అవే చాలు.

అజాన్ వినిపించడం బిడ్డను బయటికి తెచ్చాక చేసుకోవచ్చు. దాని కోసం డాక్టర్లను తొందర పెట్టొద్దు. తహ్నీక్ చేసే ఇళ్లలో తేనె మాత్రం వాడకండి. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. ఏం పెట్టాలన్నా ముందు పిల్లల డాక్టర్‌ను అడగండి. ఘుట్టీ కూడా వద్దు.

లేడీ డాక్టర్ కావాలనుకుంటే చెకప్‌లప్పుడే చెప్పి, ఆ రాత్రి డ్యూటీలో ఎవరుంటారో కనుక్కోండి. ఎమర్జెన్సీలో మత్తు డాక్టర్ మగవారని ఆపరేషన్ ఆపడం మాత్రం సరికాదు. ప్రాణం ముందు.

చిల్లా నలభై రోజులు

బాలింతను నలభై రోజులు మంచం దిగనీయకపోవడం ప్రేమతో చేసేదే. కానీ పెద్దాపరేషన్ అయిన మనిషి కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టర్ చెప్పిన వెంటనే, సాధారణంగా ఒక రోజు లోపే, లేచి నాలుగు అడుగులు వేయాలి. విశ్రాంతి అంటే ఇంటిపని, బరువులు లేకపోవడం. ఆరు వారాలు బిడ్డ కంటే ఎక్కువ బరువు ఎత్తకూడదు.

నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, కుట్లు పుండవుతాయని నీళ్లు తగ్గించడం, పప్పు, కూరగాయలు, గుడ్డు మానిపించడం తప్పు. గాయం మానాలన్నా, పాలు పడాలన్నా ఇవన్నీ కావాలి. మలబద్ధకం ఉంటే కుట్లు లాగుతాయి కాబట్టి నీళ్లు ఇంకా ఎక్కువ తాగాలి. గాయాన్ని శుభ్రంగా, పొడిగా ఉంచాలి. దాని మీద పసుపు, బూడిద, నూనె రాయకూడదు.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి: జ్వరం, గాయం నుంచి చీము, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, దుర్వాసన, ఒక కాలు వాచి నొప్పి, ఆయాసం, కళ్లు మసకబారే తలనొప్పి, ఫిట్స్.

తర్వాతి గర్భానికి కనీసం రెండేళ్లు గడువు ఉంచాలి. పాలు ఇస్తున్నాం కదా, గర్భం రాదు అనుకుని ఊరుకోవద్దు. ఏ పద్ధతి వాడాలో డిశ్చార్జ్ లోపే భార్యాభర్తలిద్దరూ అడిగి తెలుసుకోండి.

ఖర్చు, హక్కులు

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రిలో సిజేరియన్ పూర్తిగా ఉచితం. మందులు, పరీక్షలు, రక్తం, ఇంటి నుంచి ఆస్పత్రికి, తిరిగి ఇంటికి వాహనం కూడా ఉచితమే. సిజేరియన్ అయిన వాళ్లకు ఏడు రోజుల దాకా భోజనం ఇవ్వాలి.

ప్రతి నెల 9న గర్భిణులకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రత్యేక చెకప్ ఉంటుంది. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 11 లోపు ఉంటే ఇప్పుడే ఐరన్ మాత్రలు సక్రమంగా వేసుకోవాలి. నార్మల్ అయినా, ఆపరేషన్ అయినా రక్తం తక్కువున్న తల్లికే ముప్పు ఎక్కువ.

కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ ఆస్పత్రుల్లో చూపించుకునే వాళ్లు ఒక విషయం ముందే అడిగి పెట్టుకోవాలి. రాత్రిపూట మత్తు డాక్టర్, రక్తం ఉంటాయా, లేకపోతే ఎక్కడికి పంపుతారు? సూర్యాపేట, నల్లగొండల్లో 2019లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆస్పత్రులు ఉన్నాయి. బీపీ, షుగర్, కవలలు, పాత సిజేరియన్ ఉన్న వాళ్లు నొప్పులు వచ్చేదాకా ఆగకుండా ఎక్కడ కాన్పు అన్నది ముందే తేల్చుకోవాలి.

ఆపరేషన్‌కు ఒప్పుకోవాల్సింది ఎవరు? మేజర్ అయి, మెలకువగా ఉన్న మహిళ అయితే ఆమే. రోగి సమ్మతి రోగి నుంచే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. భర్త ఊళ్లో లేడని, మామ రావాలని ఎమర్జెన్సీ ఆపరేషన్ ఆలస్యం చేయాల్సిన పని లేదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు గదిలోకి ఒక ఆడతోడును అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. పక్కన నమ్మకమైన మనిషి ఉంటే నార్మల్ అయ్యే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అమ్మీయో, అక్కో ఎవరు వెళ్తారో ముందే అనుకోండి.

డాక్టర్‌ను అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. ఆపరేషన్ ఎందుకు? ఆ కారణాన్ని కేస్ షీట్‌లో రాస్తారా?
2. ఇప్పుడు బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉంది? తల్లి బీపీ ఎంత?
3. రెండు గంటలు ఆగితే ఏమవుతుంది? ఆగడం ప్రమాదమా?
4. నొప్పులు తెప్పించడం లాంటి వేరే దారి ఉందా?
5. రక్తం, పిల్లల డాక్టర్ సిద్ధంగా ఉన్నారా?

ఈ ప్రశ్నలు గొడవ పడుతున్నట్టు కాకుండా మెల్లగా అడగండి. సరైన కారణం ఉన్న డాక్టర్ రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. "ఆగితే బిడ్డకు ప్రమాదం" అని చెబితే ఇక ఇంట్లో మీటింగులు పెట్టకుండా సంతకం చేయండి. ఆగే వీలుందని చెబితే, తల్లికి ధైర్యం చెప్పి పక్కన కూర్చోండి.