హోసూరు, కృష్ణగిరి సీమలలో గొఱ్ఱెల ఈత, ఉన్ని, గొంగళి

మా బడిలో ఐదవ తరగతి పిల్లలకు గొంగళిపురుగు తెలియును, గొంగళి తెలియదు. ఆ పురుగునకా పేరెట్లు వచ్చినదని ఒకనాడు అడుగగా తరగతిలో ఒక్క బాలుడు మాత్రము లేచి "మా తాత కప్పుకొంటాడండి" అనెను. గొంగళిలో తినుచు వెండ్రుకలేరినట్లను సామెత నోట నున్నంత కాలము ఆ వస్తువు ఇంట నున్నదని భ్రమపడుట మన పెద్దలకును అలవాటే. ఆ బాలుని మాటయే ఈ వ్యాసమునకు మూలము.

పూర్వపు సేలం మండలమును బాలాఘాటు, బారామహలు, తలఘాటు అని మూడు ఖండములుగా చెప్పుచుండిరి. హోసూరు కనుమల పైనున్న బాలాఘాటున, సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున నున్నది. కృష్ణగిరి దిగువనున్న బారామహలునకు చెందినది. బారామహలు 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధివలనను, హోసూరు సీమ 1799 లో టిప్పుసుల్తాను పతనానంతరమును కుంఫిణీవారి వశమైనవి. 1965 లో ఇవి ధర్మపురి జిల్లాలో చేరి, 2004 లో కృష్ణగిరి జిల్లాగా ఏర్పడినవి. ఏలుబడులు మారినను, తెలుగు, కన్నడము, తమిళము కలిసి వినబడు ఈ మెట్టనేలలో రాగిచేనును గొఱ్ఱెమందయు ఒకదానినొకటి విడువలేదు.

గొఱ్ఱె చూలు ఐదు నెలలు. ముంగారు వానలకు బీళ్ళు పచ్చబడి, తల్లులు ఒడలు చేసిన జ్యేష్ఠాషాఢములలో పొట్టేళ్ళు మందను కూడినచో కార్తీక మార్గశిరములలో ఈత వచ్చును. తక్కిన కాలములందును ఈనుట కలదు గాని, కోతలైన చేలలో మేత దొరకు ఈ ఈతయే కాపరికి ప్రియము. అయితే హోసూరు చలియు అప్పుడే ముదురును. పుట్టిన పిల్లను తల్లి నాకి ఆరబెట్టకమునుపే మంచు తగిలినచో దాని బ్రతుకు కష్టము. కొలది గడియలలోనే జున్నుపాలు కడుపున పడవలెను. తొలిచూలు గొఱ్ఱె ఒక్కొకప్పుడు పిల్లను దగ్గరకు రానీయదు. అప్పుడు కాపరి దానిని ఒడిసిపట్టి పిల్లనోటికి పొదుగునందించును. ఈ దినములలో అతనికి నిద్రయన్నది పేరునకే. లేతపిల్లలను మందవెంట తోలక వెదురు తడికల దొడ్డిలో ఉంచి, సాయంకాలము తల్లులు తిరిగివచ్చినపుడు విడుతురు. ఒక్కసారిగా లేచు ఆ అఱపుల నడుమ తల్లి తన పిల్లను వాసన చూచి పోల్చుకొను తీరును ఒకమారైనను చూడవలెను.

చూలు నిండిన గొఱ్ఱెను కత్తెరకు పట్టరు. పడద్రోసి కాళ్ళు కట్టినచో కడుపులోని పిల్లకు ముప్పు. పిల్ల ఆరేడు మాసములదైన పిదప తొలిసారి కత్తిరించిన ఉన్ని అన్నింటికన్న మెత్తనిది. మంచి గొంగళికి దానినే వేఱుగా దాచుదురు. అట్లని ఉన్నియే కాపరికి ప్రధానాదాయమని తలపరాదు. రైతు తన చేనిలో రాత్రులు మంద కట్టించుకొని ఎరువునకు బదులు ధాన్యమిచ్చెడివాడు. పిల్లల అమ్మకమున్నది, తోలున్నది. ఉన్ని వీటిపై అదనము. కాని కాపరి స్వయముగా ధరించి, ఇంట నేయించి, సంతకు పంపగలిగినది అదియొక్కటే.

ఆ నేత కురుబలది. వారిలో ఉన్నికంకణమువారు, హత్తికంకణమువారు అను భేదమును థర్‌స్టన్ 1909 లో ప్రకటించిన గ్రంథమున చూడవచ్చును. వివాహమున మణికట్టున కట్టు కంకణము ఒకరికి ఉన్నిదారము, మరొకరికి నూలుదారము. వంశభేదమునకే ఉన్ని గుర్తైనదనగా దాని స్థానమెట్టిదో ఊహింపవచ్చును. 1800-01 లో మైసూరు దేశమును సంచరించిన బుకానన్ కూడ కురుబల గొఱ్ఱెలను, కంబళ్ళను గూర్చి వ్రాసెను.

గొంగళి నేతలో అద్దకముతో పనిలేదు. నలుపు, తెలుపు, గోధుమవన్నెల ఉన్నిని ఏరి వేఱుచేసి, ఏకి, స్త్రీలు వడకుదురు. పడుగునకు చింతగింజల గంజి పట్టించి బిగువు తెచ్చి, గుంతమగ్గముపై నేయుదురు. వెడల్పు చాలనిచో రెండు పట్టీలు జతచేసి కుట్టుదురు. ఉన్నిలోని సహజమైన జిడ్డును, నేతలోని దట్టమును వాననీటిని చాలసేపు లోనికి రానీయవు. పగలు ముసుగు, రాత్రి పడక, పండుగనాడు కలశము క్రింది పీఠము, అన్నియు ఆ నల్లని కంబళియే.

దొరతనమువారికి ఈ ముదుక ఉన్ని నచ్చలేదు. మైసూరు కమిషనరు సర్ మార్క్ కబ్బన్ కాలముననే, అనగా 1861 కి పూర్వమే, ఆ సీమలో మెరీనో పొట్టేళ్ళను దెప్పించి నాటు మందలను మార్చజూచిరి. హోసూరు చెంత మత్తిగిరియందు 1824 లో సైన్యపు గుఱ్ఱములకై వెలసిన క్షేత్రము తరువాత పశుక్షేత్రమైనది. అచట బళ్ళారి గొఱ్ఱెల ఉన్నిని మేలుచేయు యత్నము సాగెను. దక్షిణదేశపు పశుసంపదపై 1936 లో గ్రంథము ప్రకటించిన లిటిల్‌వుడ్ దొర ఈ క్షేత్రమున పనిచేసినవాడే. సంకరము నీలగిరిలో ఫలించినది. అచటి గొఱ్ఱె ఉన్నిపోగు సుమారు 27 మైక్రానుల సన్నము. బళ్ళారి గొఱ్ఱె పోగు 50 మైక్రానులకు మించును. నీలగిరి చలి వేఱు, మన మెట్టల ఎండ వేఱు. ఉన్న ఉన్నికి తగిన వస్తువును వెదకుటకు మారు, విపణి కోరిన ఉన్నికై గొఱ్ఱెనే మార్చబూనుట మొదటి పొరపాటని నా అభిప్రాయము.

రెండవ దెబ్బ కొనువారు పోవుటవలన తగిలినది. పానిపట్టున పాత ఉన్నిగుడ్డలను చీల్చి మరల వడకి చేసిన చౌక దుప్పట్లు సంతలను నింపినవి. వానకు ప్లాస్టిక్ పట్ట వచ్చినది. 1970 దశకము మొదలు హోసూరు చుట్టును పరిశ్రమలు లేచి బీళ్ళు తఱిగినవి. గొఱ్ఱె మాంసమునకే ప్రధానమైనపుడు, ఉన్నిలేని మేచేరి, నెల్లూరు జాతులే కాపరికి లాభము. వానికి కత్తెర కూలి లేదు. ఉన్నిగొఱ్ఱెకు మాత్రము కత్తిరింపక తప్పదు. ఆ ఉన్ని వెల కూలికి చాలదు. బ్రిటను కొండగొఱ్ఱెల కాపరులకును నేడిదే గోడు.

ముదుక ఉన్ని వ్యర్థమను మాట సరికాదు. పశ్చిమదేశములలో దీనిని ఇండ్ల గోడలలో చలి, వేడి చొరకుండ కూరుచున్నారు. నేల పఱపులకు, సంచులకు, ఒత్తి చేసిన దట్టపు కంబళ్ళకు ముదుకదనమే గుణము. మనకింకను దగ్గరి మార్గమొకటి కలదు. ఉన్నియందు నత్రజని విశేషముగా నున్నది; అది మెల్లగా కుళ్ళును, తేమను పట్టియుంచును. మురికి ఉన్నిని, అమ్ముడుపోని తుక్కును కృష్ణగిరి మామిడి పాదులలోను, హోసూరు గులాబీ తోటలలోను వేసి చూడవచ్చును గదా. కాపరి చేలో మంద కట్టి ఎరువునకు ధాన్యము పుచ్చుకొన్నట్లే ఉన్నికిని పుచ్చుకొనును. రెండు తోటలలో రెండేండ్లు పరీక్షించినచో ఫలము తేలును. అందుకు పెద్ద ధనమక్కరలేదు.

ఆ బాలుని తాతను తరువాత చూచితిని. గొంగళి నలువది ఏండ్లనాటిది, అంచున రెండుచోట్ల అతుకులున్నవి. తన భార్య వడికినదట. బడిలో పిల్లలకు చూపుటకై ఉంచుకొందునని అడిగితిని. "మార్గశిరం పోనీ సామీ, పిల్లల మీద కప్పాల" అనెను. ఆ పిల్లలెవరో దొడ్డివైపు చూచిన పిదప తెలిసినది.