షాకబ్జర్వర్‌కి చొక్కా

మొన్న శ్రావణమాసంలో మా ఆడపడుచు కూతురికి సీమంతమంటే కడియం బయల్దేరాను. రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గరకి వచ్చేసరికి వాన అప్పుడే వెలిసింది. ఎక్కడ చూసినా బురద. ఒక ఆటో అబ్బాయి ముందు చక్రం దగ్గర గొంతుకూర్చుని, చక్రం పక్కనున్న స్ప్రింగుకి నల్లటి రెక్సీను తొడుగొకటి చుట్టి బిగిస్తున్నాడు. చంటిపిల్లాడికి చొక్కా తొడిగినంత శ్రద్ధగా!

"ఏంటబ్బాయ్ అది?" అన్నాను, ఊరుకోలేక.

"షాకబ్జర్ కవరండి. బురద పడకుండానండి."

నాకు నవ్వొచ్చింది. కవర్ల పిచ్చి మన ఆడవాళ్ళకే అనుకున్నాను ఇన్నాళ్ళూ. టీవీకి కవరు, మిక్సీకి కవరు, ఆఖరికి ఫ్రిజ్జు తలుపు పిడికి కూడా కవరు! నరసాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్ళయితే తరాల తరబడి లేసు అల్లి, బల్లలకీ కుర్చీలకీ వేసే ముసుగులు దేశాంతరాలకి పంపించారు. ఆ అల్లికకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ బండి కింద, ఎవరూ చూడని చోట ఉండే ఇనప ముక్కకి చొక్కా ఏమిటి చెప్పండి?

ఆటో కదిలింది. కుదుపు కుదుపుకీ నాకు మా అమ్మమ్మ జ్ఞాపకం రాసాగింది.

మా అమ్మమ్మకి ఏడో నెల రాగానే పుట్టింటివాళ్ళు వచ్చి తీసికెళ్ళారట. బండిలో కాదు, కాలవ మీద పడవలో. "బండి కుదుపుకి కడుపు జారుతుందని మా అత్తగారి భయమే, పడవలో అయితే నీళ్ళు ఉయ్యాల ఊపినట్టు ఊపుతాయి" అనేది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేయించాడని మనకందరికీ తెలుసు. ఆ కాలవలు పొలాలకి నీళ్ళ కోసమే కాక పడవలు నడవడానికి కూడా తవ్వించినవే. మధ్యమధ్య ఆ లాకులన్నీ అందుకే. గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి కుదుపు లేని మొదటి ప్రయాణం ఆ కాలవలే ఇచ్చాయంటే తప్పులేదు.

అంతకు ముందు? కలిగినవాళ్ళకి పల్లకీలు, మేనాలు. లోపల కూర్చున్నమ్మకి కుదుపు తెలియకుండా బోయీలు అడుగులో అడుగేసి నడిచేవారు. ఆ కుదుపంతా వాళ్ళ మోకాళ్ళూ భుజాలూ మింగేవి. భుజం ఒరుసుకుపోకుండా మడతపెట్టి వేసుకున్న గుడ్డే వాళ్ళకున్న కవరు. లేనివాళ్ళకి గూడుబండి, ఇనపకట్టు చక్రాలు. జానెడు మందాన వరిగడ్డి పరిచి మీద బొంత వేసినా, దిగేసరికి నడుం ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది.

ఇంగ్లండులో ఒబడయ్యా ఎలియట్ అనే ఆయన 1804లో ఉక్కు బద్దీలని విల్లులా వంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి గుర్రపు బండి కింద పెట్టాడు. మన మెకానిక్కులు కమాను కట్టలంటారే, అవే. జట్కాల కిందికీ అలాంటి కమాన్లే వచ్చాయి. నా చిన్నతనంలో, అంటే 1980లలో, మా ఊళ్ళో రిక్షాయే రథం. సీటు కింద స్ప్రింగులు, సీటులో కొబ్బరిపీచు. పీచు అణిగిపోయిన సీటు మీద ఒకసారి కూర్చుంటే రెండోసారి నడిచే వెళ్ళాలనిపించేది. అయినా ఎత్తు వచ్చినచోట దిగి, ఆయాసపడుతూ రిక్షా లాగే మనిషిని చూస్తే మన నడుం నొప్పి చెప్పుకోవడానికి నోరు వచ్చేది కాదు.

ఇక మూడు చక్రాల మోటారు బండి కథ. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు విమానాలు చేసిన ఇటలీలోని పియాజియో కంపెనీ, యుద్ధం అయిపోయాక 1946లో వెస్పా స్కూటరు తెచ్చింది. వెస్పా అంటే వాళ్ళ భాషలో కందిరీగ. దాన్ని రూపొందించిన కొరాడీనో డాస్కానియో హెలికాప్టర్ల ఇంజనీరు. ముందు చక్రాన్ని విమానం చక్రంలా ఒకే పక్క కాడకి తగిలించాడు. 1948లో ఆ స్కూటరుకి వెనక ఇంకో చక్రం చేర్చి సామాన్ల బండి చేశారు. దాని పేరు ఆపే, అంటే తేనెటీగ! మన దేశంలో బజాజ్ వారికి 1959లో రెండు, మూడు చక్రాల బండ్లు తయారుచేసే లైసెన్సు వచ్చింది. 1977లో ఇంజను వెనకుండే ఆటో తెచ్చారు. 1990ల ఆఖర్లో ఆ ఇటలీ తేనెటీగ కూడా మహారాష్ట్రలోని బారామతిలో తయారై మన రోడ్ల మీదికొచ్చింది. మనవాళ్ళకి ఇటలీ భాషతో పనేమిటి? చెయ్యెత్తినచోటల్లా ఆపే ఆటో కాబట్టి దాని పేరు 'ఆపే' అనుకున్నారు!

అప్పటికి మన దగ్గర రోడ్లూ వంతెనలూ పెరిగాయి. 1974లో రాజమండ్రికీ కొవ్వూరుకీ మధ్య రైలు-రోడ్డు వంతెన తెరిచారు. 2002లో యానాం, ఎదుర్లంక మధ్య బాలయోగి వంతెన వచ్చింది. పంటు కోసం రేవులో పడిగాపులు పడేవాళ్ళు ఆటో ఎక్కి ఏరు దాటడం నేర్చారు. కాలవ పడవలు కథల్లోకి వెళ్ళిపోయాయి. పడవతోపాటు నీళ్ళ ఉయ్యాలా పోయింది. రోడ్డు దగ్గరయింది, కుదుపూ దగ్గరయింది.

ఆ కుదుపుకి విరుగుడే షాకబ్జర్వరు. ఒట్టి స్ప్రింగుంటే చాలదా అని నేనూ అనుకునేదాన్ని. స్ప్రింగు గోతి దెబ్బని మింగుతుంది గాని, మింగింది ఊరికే ఉంచుకోదు. చిన్నపిల్లల బంతిలా ఎగురుతూనే ఉంటుంది. ఆ గంతులు ఆపడానికి ఫ్రాన్సులో ట్రూఫో అనే ఆయన రాపిడితో పనిచేసే సాధనమొకటి కనిపెట్టాడు. దాన్ని 1904లో హార్ట్‌ఫర్డ్ అమెరికాలో మోటారు కార్లకి పరిచయం చేశాడు. తర్వాత నూనెతో పనిచేసేవి వచ్చాయి. గొట్టంలో నూనె, అందులో నిగనిగలాడే ఉక్కు కడ్డీ. చక్రం ఎగిరినప్పుడల్లా నూనె సన్నటి రంధ్రాల్లోంచి కష్టపడి దూరి, ఆ ఎగురుడంతా వేడిగా మార్చి చల్లగా ఊరుకోబెడుతుంది. కోపిష్టి మొగుడి కేకలు విని, "సరే, భోంచెయ్యండి" అనే ఇల్లాల్లా అన్నమాట!

ఆ కడ్డీ మీద ఇసుక రేణువు పడిందా, లోపలికీ పైకీ జరిగేటప్పుడు గీతలు పడతాయి. నూనె బయటికి రాకుండా కాపాడే సీలు కోసుకుపోతుంది. నూనె కారిపోతే ఇంక స్ప్రింగొక్కటే, గంతులే గంతులు. మన డెల్టా సంగతి తెలుసుగా! ఎండల్లో పిండిలాంటి ఒండ్రుమట్టి దుమ్ము, వానల్లో జిగురు బురద. అందుకే చొక్కా. హార్మోనియం తిత్తిలా మడతలతో ఉండే రబ్బరుదైతే షాకబ్జర్వరు విప్పి తొడగాలి. రెక్సీనుదైతే పైనే చుట్టుకోవచ్చు.

"చిరిగితే మాత్రం వెంటనే తీసెయ్యాలండి," అన్నాడు ఆటో అబ్బాయి. "లోపల బురద నిలవుండిపోద్దండి. చిరిగిన కవరు కంటే అసలు లేకపోడమే మేలండి."

నిజమే కదా! సీటుకి రెక్సీను, పక్కన వాన పరదాలు, అద్దానికి కుచ్చులు, వెనక మడ్‌ఫ్లాపుల మీద సినిమా బొమ్మలు — ఇవన్నీ మన కంటికి కనిపించే అలంకారాలు. ఆటో ఎక్కేముందు చూసి మెచ్చుకునేవి అవే. మన నడుముని కాపాడే తొడుగుని మాత్రం ఎవరమూ చూడం.

పొద్దున్నే ఈ ఆటోల్లో ఎవరు వెళ్తారో చూడండి. రొయ్యల ఫ్యాక్టరీలకి వెళ్ళే ఆడపిల్లలు, పల్లెటూరి బడికి వెళ్ళే టీచరమ్మలు, ఆసుపత్రికి వెళ్ళే కడుపుతో ఉన్నవాళ్ళు. ముగ్గురెక్కాల్సిన బండిలో ఎనిమిదిమంది ఎక్కితే ఏ షాకబ్జర్వరూ ఏం చెయ్యలేదు, దానికి ఎన్ని చొక్కాలు తొడిగినా సరే. ఆ తప్పు డ్రైవరుదొక్కడిదే అనలేం. అద్దె బండయితే సాయంత్రానికి ఓనరు చేతిలో డబ్బు పడాలి. ఇంకో ఆటో ఎప్పుడొస్తుందో తెలీక మనమూ ఇరుక్కుని కూర్చుంటాం.

కడియంలో దిగేటప్పుడు, "ఎల్లుండి మా అమ్మాయిని రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి బాబూ, ఏడో నెల. నువ్వు రాగలవా?" అన్నాను.

"ఆయ్, తప్పకుండానండి. ఇంకెవర్నీ ఎక్కించుకోనండి. నెమ్మదిగా తీసుకెళ్తానండి," అన్నాడు.

డబ్బులిస్తూ వేళాకోళానికన్నాను: "బండికి చొక్కా తొడిగావు సరే, రోజంతా ఈ కుదుపుల్లో కూర్చునే నీ నడుం మాటేమిటి?"

సిగ్గుపడుతూ చొక్కా అంచు కొంచెం పైకెత్తాడు. నడుం చుట్టూ బిగించిన వెడల్పాటి బెల్టు. ముప్ఫయ్యేళ్ళు కూడా ఉండవు పిల్లాడికి.

"నాకూ కవరుందండి," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. పల్లకీ మోసిన బోయీ భుజం మీది గుడ్డ కళ్ళముందు మెదిలింది.