వెయ్యి ప్రతుల పుస్తకం

తెలుగు పుస్తకానికి వెయ్యి ప్రతులు అన్నది లెటర్‌ప్రెస్ రోజుల్లో స్థిరపడిన లెక్క. అక్షరాలు కూర్చే కూలి వంద ప్రతులకైనా వెయ్యికైనా ఒకటే. మరీ తక్కువ వేస్తే వెల పాఠకుడికి అందదు. ఆ వెయ్యీ చెల్లడానికి ఏళ్లు పట్టిన మంచి పుస్తకాలు తెలుగులో కొల్లలు.

అవి వెలుగు చూసింది దుకాణాల అమ్మకం ఒక్కదాని మీదే కాదు. కావ్యాల కాలంలో అంకితం పుచ్చుకుని పోషించే కృతిభర్త ఉండేవాడు. అచ్చు వచ్చాక పిఠాపురం వంటి సంస్థానాలు ఆ భారం మోశాయి. సూర్యరాయాంధ్ర నిఘంటువు పేరులోనే పోషకుడైన పిఠాపురం రాజా కనిపిస్తాడు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి రాజుల బదులు చదువరులనే నమ్ముకుంది. చందాదారులను చేర్చుకుని చరిత్ర, శాస్త్ర గ్రంథాలు వేసింది. చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం 1910లో ఆ మండలి నుంచే వచ్చింది. కథ కాని వచనానికి పాఠకులను కూడగట్టడం ఆనాటికి చిన్న ఘనత కాదు.

ఆ తర్వాతి ఆసరా గ్రంథాలయాలు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేయించింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు కొంటే చిన్న రచయితకు అచ్చు ఖర్చులో కొంతైనా తిరిగొచ్చేది. సెస్సు బకాయి పడితే ఆ కొనుగోళ్లూ ఆగేవి. వారపత్రికల సీరియళ్లు నవలలుగా ఊపందుకున్న కాలంలో అద్దె పుస్తకాల షాపులు వెలిశాయి. ఒకే ప్రతి పదుల చేతులు మారేది. పేరు పెరిగినా రచయితకు ముట్టేది ఆ ఒక్క ప్రతి మీద రాయల్టీయే.

పుస్తకం లోపలి పేజీలో ఈ బతుకంతా కనిపిస్తుంది. 'ప్రథమ ముద్రణ', 'ప్రతులు: 1000', వెల. ప్రచురణకర్తగా తరచు రచయితే, లేదా ఇంట్లోవాళ్లు. 'ప్రతులకు' అన్నచోట ఇంటి చిరునామా, దాని కింద విశాలాంధ్ర, నవోదయ వంటి పుస్తక దుకాణాలు. భక్తి గ్రంథమైతే తి.తి.దే. ఆర్థిక సహాయంతో ముద్రితమన్న మాట. దుకాణదారు కమీషన్ మినహాయించుకుని, అమ్మిన తర్వాతే డబ్బు ఇస్తాడు. ఆవిష్కరణ సభలో కొన్ని ప్రతులు పంచిపెట్టగా మిగిలిన కట్టలు అటకెక్కుతాయి. రాసినవాడే మోసుకు తిరిగి అమ్ముకోవలసి రావడం తెలుగు ప్రచురణలో తీరని వెత.

డిజిటల్ ముద్రణ వచ్చాక వెయ్యి లెక్క సడలింది. రెండు మూడు వందలు వేయించి, అయిపోతే మళ్లీ వేయించుకునే వీలు కలిగింది.