స్వెత్లానా: ఒక పేరు కథ

పేరుకు పుట్టినతేదీ ఉంటుందంటే మనకు వింతగా తోస్తుంది. లక్ష్మి అనే పేరు ఎన్నడు పుట్టినదో చెప్పగలవారు లేరు. రష్యాలో ఊరూరా వినవచ్చే స్వెత్లానా అనే పేరు పుట్టుకను మాత్రం సంవత్సరంతో సహా చెప్పవచ్చును. అది పురాణంనుంచి వచ్చినది కాదు, ఒక కవి కల్పన.

కవీ, భాషాశాస్త్రవేత్తా అయిన అలెగ్జాండర్ వొస్తోకొవ్ 1802లో వ్రాసిన కథాకావ్యంలో నాయికకు ఈ పేరు పెట్టినాడు. రష్యన్ భాషలో ‘స్వెత్’ అంటే వెలుగు. మన ‘శ్వేత’ శబ్దానికి అది జ్ఞాతి. కోనసీమను చుట్టిన గోదావరి ఒకచోట గౌతమి, ఒకచోట వైనతేయ, మరొకచోట వసిష్ఠ అయినట్లే, ఒకే ధాతువు ఇక్కడ శ్వేత, అక్కడ స్వెత్లానా అయినది.

పేరును ఇంటింటికీ చేర్చినవాడు జుకోవ్‌స్కీ. 1813లో వెలువడిన అతని ‘స్వెత్లానా’ గాథలో, ఒక కన్య పండుగ రాత్రి దీపం వెలిగించి అద్దంముందు కూర్చుండి, దూరదేశం వెళ్లిన ప్రియుని రాకకోసం జోస్యం చూస్తుంది. కునుకుపాటులో వరుడు శవమై కనిపిస్తాడు. తెల్లవారేసరికి అతడే క్షేమంగా ఇంటికి వస్తాడు. ఈ కథకు మూలమైన బ్యూర్గర్ జర్మన్ గాథలో నాయికకు సమాధియే గతి. జుకోవ్‌స్కీ దానిని, మన కవులకు సమ్మతమైన రీతిగా, మంగళాంతం చేసినాడు. పుష్కిన్ తన ‘యెవ్గేనీ అనేగిన్’లో ఈ కన్యను తలచుకొన్నాడు. బ్ర్యుల్లోవ్ 1836లో ఆమెను అద్దంముందు చిత్రించినాడు.

ఇంత ప్రసిద్ధి వచ్చినా పిల్లలకు ఆ పేరు పెట్టడం తేలిక కాలేదు. జ్ఞానస్నాన సమయాన చర్చి పట్టికలోని పునీతుల పేర్లే పెట్టవలెను. కవి కల్పించిన పేరు అందులో ఎట్లా ఉంటుంది? ఓడలకు ఆ నిర్బంధం లేదు. స్వెత్లానా అనే యుద్ధనౌక 1905లో త్సుషిమా సమరంలో మునిగినది. 1917 విప్లవం తరువాత జననాల నమోదు చర్చి చేతినుంచి తొలగినది. అప్పుడు ఈ పేరు దేశమంతటా వ్యాపించినది.

రేడియో శ్రోతలకు ఒక ముచ్చట. పీటర్స్‌బర్గ్‌లోని స్వెత్లానా కర్మాగారం మొదట విద్యుద్దీపాలకు, పిదప రేడియో వాల్వులకు ప్రసిద్ధి పొందినది. వెలిగే తీగదీపమని అర్థమిచ్చే రష్యన్ మాటల తొలి అక్షరాలు కూర్చినా ఆ పేరే వస్తుందని చెప్పుకొంటారు.

1926లో జన్మించిన స్టాలిన్ కుమార్తె పేరు కూడా ఇదే. ఆమె 1957లో తండ్రి ఇంటిపేరు వదలి, తల్లి ఇంటిపేరైన అలిలుయేవా స్వీకరించినది. కాలాకంకర్ రాజవంశీయుడు బ్రజేశ్ సింగ్‌ను వివాహమాడదలచగా సోవియట్ ప్రభుత్వం అనుమతించలేదు. 1966 అక్టోబరులో అతడు మాస్కోలో మరణించినాడు. అస్థికలు గంగలో కలపడానికి డిసెంబరులో భారతదేశానికి వచ్చిన ఆమె ఇక్కడే ఉండిపోవలెనని కోరినది. ఆ కోరిక సాగలేదు. 1967 మార్చి 6న ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం మెట్లెక్కినది. ఈ కథ మొత్తంలో నా మనస్సును కలచేది ఆ రెండున్నర నెలలే. అమెరికాలో మళ్లీ వివాహం చేసుకొని లానా పీటర్స్ అయినది. పేరులో వెలుగన్న భాగం పోయి తోక మిగిలినది. 2011లో అక్కడే కన్నుమూసినది.

అదే పేరుగల సవిత్‌స్కయా 1984 జూలై 25న సల్యూత్-7 నుంచి వెలుపలికి వచ్చి, అంతరిక్షంలో నడిచిన తొలి మహిళ అయినది. మన రాకేశ్ శర్మ అంతకు మూడు నెలల ముందు ఉండి వచ్చినది ఆ కేంద్రంలోనే.